తరిమెన మీద పగిలినవి, సగంలో ఆగినవి: ఏది బాగుచేయాలి, ఏది కోసేయాలి

అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ. బొబ్బిలి దగ్గర పెరట్లో చిన్న లేత్ (తరిమెన) పెట్టుకుని రెండేళ్లుగా పనస, మామిడి, చింత కర్రతో గిన్నెలూ మంచం కోళ్లూ చేస్తున్నారు. ఉద్దానం నుంచి తెచ్చిన కొబ్బరి మొద్దులు కూడా కొన్ని ఉన్నాయి. అటక మీద నలభై దాకా ముక్కలు పేరుకున్నాయి. కొన్ని సగం చెక్కి ఆరబెట్టినవి, కొన్ని అంచు పగిలినవి. రెండు గిన్నెలకి అడుగు చిల్లు పడింది. నాలుగు కోళ్లలో ఒకటి ఉలి కొరికి చెడింది. లక్క పెట్టిన బొమ్మలు పెచ్చులూడాయి. వీటిని పారేయాలా, పొయ్యిలో పెట్టాలా, బాగుచేయొచ్చా?

చాలావరకు పనికొస్తాయి. కానీ మీరు మొదట అనుకున్న వస్తువుగా కాదు, దానికంటే చిన్న వస్తువుగా. పది అంగుళాల గిన్నె పగిలితే అందులో ఏడంగుళాల పళ్లెం ఉండొచ్చు, అదీ కుదరకపోతే నాలుగు ఉలి పిడులు ఉంటాయి. పైగా ఆ కర్ర ఇప్పటికే ఆరి ఉంది. మన తీరంలో బాగా ఆరిన కర్ర దొరకడం ఎంత కష్టమో కోత మిల్లుకి వెళ్లినవాళ్లకి తెలుసు. అందుకే చెడిన ముక్కని చెత్తగా చూడొద్దు. అలాగని ప్రతిదాన్నీ ఎలాగైనా నిలబెట్టాలన్న పట్టుదల కూడా వద్దు, లేత్ మీద అది ప్రమాదం.

ముందు అన్నింటినీ కిందకి దించి నేల మీద పరవండి. అందాన్ని బట్టి వేరు చేయకండి, ఎందుకు ఆగిందో దాన్ని బట్టి వేరు చేయండి: ఇంకా పచ్చిగా ఉన్నవి, పగిలినవి, కొలత తప్పినవి, ఉలి దెబ్బ తిన్నవి. ప్రతి ముక్క అడుగున పెన్సిల్‌తో కర్ర పేరు, తేదీ, గ్రాముల్లో బరువు, ఆగిన కారణం రాయండి. స్కెచ్ పెన్ వద్దు, సిరా నారలోకి దిగిపోతుంది, తర్వాత ఎంత గీకినా పోదు. ఏడాది అటక మీద ఉండి బూడిదరంగు తిరిగాక మామిడి ఏదో మరొకటి ఏదో పోల్చుకోవడం కష్టం కాబట్టి పేరు రాయడం అనవసరపు పని కాదు.

ఆరుతున్నవి

సగం చెక్కి వదిలేసిన గిన్నెలు నిజానికి చెడినవి కావు. వాటి వంతు ఇంకా రాలేదంతే. పచ్చి కర్రని ఒక్కసారే పలచగా చెక్కకుండా గోడ మందం వ్యాసంలో పదో వంతు వదులుతాం. 250 మి.మీ. గిన్నెకి 25 మి.మీ. అన్నమాట. కర్ర తన వలయాల వెంట చుట్టూ ఎంత కుంచించుకుంటుందో, నడిబెండు నుంచి బెరడు వైపు అందులో సగమే కుంచించుకుంటుంది. నిలువు పొడవులో దాదాపు ఏమీ తగ్గదు. అందుకే గుండ్రటి గిన్నె ఆరాక కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. పదో వంతు లెక్క ఆ వంకరని మళ్లీ గుండ్రం చేయడానికే. అడుగు కూడా గోడంత మందమే ఉండాలి. గోడ 25, అడుగు 45 వదిలితే పలచటి భాగం ముందు ఆరి లాగుతుంది, మందం దగ్గర చీలుతుంది. మీ అటక మీద పగిలినవాటిని ఒకసారి కొలిచి చూడండి, ఎక్కువ వాటికి ఇదే కారణం అయి ఉంటుంది. రెండో కారణం నడిబెండు. మొద్దు మధ్య బెండుని ముక్కలో ఉంచేస్తే పగులు ఖాయం. మొద్దుని నిలువునా చీల్చినప్పుడే బెండు చుట్టూ రెండు సెం.మీ. తీసేయాలి.

ఆరిందా లేదా అన్నది చేత్తో తడిమి చెప్పకూడదు. వంటింటి త్రాసు చాలు. వారానికోసారి తూచి పెన్సిల్‌తో కింద రాయండి. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే అది చుట్టూ ఉన్న గాలితో సమానమైనట్టు. ఇక్కడే మన ప్రాంతం సంగతి గుర్తుంచుకోవాలి. గాలిలో తేమ 80 శాతం ఉన్నప్పుడు కర్రలో నీరు 16 శాతం దగ్గర ఆగిపోతుంది, 65 శాతం ఉంటే 12 దగ్గర. అంటే శ్రావణంలో బరువు నిలకడగా ఉన్న గిన్నె కూడా పూర్తిగా ఆరినట్టు కాదు. వానల్లో ముగించి మూత బిగువుగా అమర్చిన భరిణె, ఫాల్గుణంలో మూత పట్టేస్తుంది లేదా ఊడిపోతుంది. దసరా తర్వాత వచ్చే పైడితల్లి సిరిమాను పండగ దాటి, ఈశాన్య వానలు కూడా వెనకబట్టాక, సంక్రాంతి నుంచి ఉగాది లోపు సగంలో ఆగిన పనులన్నీ ముగించుకునేలా పెట్టుకోండి. మూతలు, అతుకులు ఉన్న పనికి ఇది తప్పనిసరి. మామూలు పళ్లేనికి అంత పట్టింపు లేదు.

ఇంకా పచ్చిగా ఉన్నవాటికి కోత మొహాల మీద, అంటే నార తెగి కనిపించే రెండు వైపులా, కరిగించిన మైనం గానీ పలచన చేయని ఫెవికాల్ రెండు పూతలు గానీ రాయండి. తేమ అక్కడి నుంచే తొందరగా పోతుంది, పగులూ అక్కడే మొదలవుతుంది. తర్వాత సిమెంటు సంచిలోని కాగితం పొరలోనో, పాత పేపర్ మూడు మడతల్లోనో చుట్టి, నేలకి అడుగు ఎత్తులో గాలి నేరుగా తగలని చోట పెట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు. మామిడి అందులో నాలుగు రోజులకే నీలం బూజు పడుతుంది.

పనస, చింత మొండిగా పగుళ్లిస్తుంటే ఉడకబెట్టడం మంచి దారి. సగం చెక్కిన గిన్నెని పెద్ద గుండిగలో నీళ్లలో పూర్తిగా ముంచి, పైన రాయి బరువు పెట్టి, గోడ మందం ఒక అంగుళానికి గంట చొప్పున మరగనివ్వాలి. ఆ నీళ్లలోనే చల్లారనిచ్చి తీసి, కాగితంలో చుట్టాలి. ఇలా చేస్తే పగుళ్లు బాగా తగ్గుతాయి, లోపల ఉన్న పురుగు గుడ్లు కూడా చస్తాయి. కర్ర నడిమి దాకా 56 డిగ్రీల వేడి అరగంట నిలిస్తే పురుగు బతకదని ఎగుమతి పెట్టెల కర్రకి పెట్టిన అంతర్జాతీయ నిబంధన. మరిగే నీళ్లు అంతకంటే చాలా ఎక్కువ వేడి. పనస ఉడికించిన నీళ్లు పసుపుపచ్చగా దిగుతాయి, పారబోయకండి. పటిక నీళ్లలో నానబెట్టిన నూలుకి అది చక్కటి రంగు. బౌద్ధ భిక్షువుల కాషాయానికి పనస చేవ రంగు వాడే ఆనవాయితీ తూర్పు దేశాల్లో ఉంది.

ఆరిన గిన్నెని మళ్లీ లేత్ మీదకి ఎక్కించే క్రమం తప్పకూడదు. చక్ (ముక్కని దవడలతో పట్టి తిప్పే బిగింపు) పట్టు కోసం కింద వదిలిన బొడిపె కూడా ఇప్పుడు కోలగా ఉంటుంది. అలాగే చక్‌లో బిగిస్తే రెండు చోట్లే పట్టు ఉంటుంది, తిరుగుతూ ఊడొస్తుంది. అందుకని ముందు గిన్నె నోటిని చక్ మీదకి బోర్లించి, మధ్యలో రబ్బరు చాప ముక్క వేసి, వెనక నుంచి టెయిల్ స్టాక్‌తో (లేత్ రెండో చివర మొనతో నొక్కిపట్టే భాగం) పాత సెంటర్ గుర్తు మీద నొక్కిపెట్టి బొడిపెని గుండ్రం చేయండి. తర్వాత తిప్పి చక్‌లో బిగించి బయట, ఆపైన లోపల. సగంలో ఆపేటప్పుడు సెంటర్ గుర్తు చెరపకూడదనేది ఇందుకే.

పగుళ్లు

ప్రతి పగులూ ఒకటి కాదు. చేతి వేళ్ల కణుపులతో గిన్నెని తట్టండి. కంచుగా మోగితే పగులు పైపైనే ఉంది. మొద్దుబారిన చప్పుడు గానీ, చిన్న గలగల గానీ వినిపిస్తే లోపలికి దిగింది. తర్వాత పగులు మీద స్పిరిట్ చుక్క వేసి తుడవండి. చెక్క పొడిబారినా పగులు గీత కాసేపు తడిగానే ఉంటుంది, దాని చివర ఎక్కడో అప్పుడు సరిగ్గా కనిపిస్తుంది.

లేత్ మీదకి ఎక్కించకూడని వాటిని ముందే చెబుతాను. అంచు నుంచి మొదలై అడుగు దాటి రెండో వైపుకి వెళ్లిన పగులు. రెండు పగుళ్లు ఒకదాన్నొకటి కలుసుకున్న చోటు. కదిలే ముడి. చక్ పట్టుకునే బొడిపెలోకి దిగిన పగులు. వీటికి ఏ జిగురూ నమ్మకం కాదు. ఫెవిక్విక్ పగులుని నింపుతుంది గానీ, తిరిగే ముక్కని కలిపి పట్టేంత బలం దానికి లేదు. 10 అంగుళాల గిన్నె నిమిషానికి 900 చుట్లు తిరుగుతూ రెండు ముక్కలైతే, ఒక ముక్క నేరుగా నిలబడినవాడి మొహానికే వస్తుంది. మామూలుగా వ్యాసం అంగుళాలనీ చుట్లనీ గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య ఉండాలి. 10 అంగుళాలకి 600 నుంచి 900. అతికిన ముక్కకి అందులో సగంతో మొదలుపెట్టండి, మొహానికి పూర్తి షీల్డు పెట్టుకోండి, స్విచ్ వేసేటప్పుడు ముక్క తిరిగే వరసలో కాకుండా పక్కన నిలబడండి.

వెంట్రుకవాసి పగులుకి పలచటి ఫెవిక్విక్ సరిపోతుంది. ముందు చుట్టూ చపడా లక్క పాలిష్ ఒక పూత కొట్టండి, లేకపోతే జిగురు పక్కలకి పాకి మామిడి లాంటి లేతరంగు కర్ర మీద నూనె మరకలా శాశ్వతంగా ఉండిపోతుంది. అదే కర్ర రంపప్పొడి పగుల్లో దట్టించి పైన చుక్కలు వేయాలి. దూదితో గానీ నూలు గుడ్డతో గానీ తుడవకండి. ఆ జిగురు నూలుని తాకితే చెయ్యి కాలేంత వేడి పుడుతుంది.

రెండు మి.మీ. దాకా విచ్చుకున్న పగులుకి అరాల్డైట్. రెండు ట్యూబులూ సమానంగా కలిపి, అందులో కాఫీ పొడి గానీ ఇత్తడిని ఆకురాయితో రాస్తే రాలే పొడి గానీ కలిపి నింపండి. కర్ర రంగుకే కలపాలని చూడొద్దు. పనస చేవ కొత్తలో పసుపుగా ఉండి ఏడాదికి తేనెరంగు దాటి గోధుమరంగు తిరుగుతుంది, మీరు కలిపిన రంగు మాత్రం అలాగే ఉండిపోతుంది. ముదురు రంగు గీతగా బయటికి కనిపించడమే మేలు. పగులు చివర 2 మి.మీ. బెజ్జం వేసి అది కూడా నింపితే పగులు ఇంకా ముందుకి పాకదు. 24 గంటలు ముట్టుకోవద్దు. వానాకాలంలో గట్టిపడ్డాక పైన జిడ్డు పొర తేలితే గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ఆరాకే ఎమరీ కాగితం పట్టండి.

అంతకంటే పెద్ద పగులుని దాచలేరు, కుట్టండి. పగులుకి రెండు వైపులా 6 మి.మీ. దూరంలో 1.5 మి.మీ. బెజ్జాలు, జతకి జతకి 12 మి.మీ. ఎడం. 22 గేజి రాగి తీగని చెప్పు కుట్టినట్టు అడ్డంగా దూర్చి లోపల మెలిపెట్టి మడవాలి. లేదా డమరుకం ఆకారంలో 25 మి.మీ. బిళ్ల చెక్కి పగులుకి అడ్డంగా పొదగాలి, లోతు గోడ మందంలో సగం. బిళ్ల నార పగులుకి అడ్డంగా ఉండాలి. పగులు వెంట నార పెడితే బిళ్ల నడుము దగ్గరే విరుగుతుంది. నల్ల తుమ్మ చేవతో చేసిన బిళ్ల పనస మీద చాలా బాగుంటుంది. ఈ రెండు పనులూ గిన్నె పూర్తిగా ఆరాకే చేయాలి. తడి ఉండగా కుట్టితే కుట్టు పక్కన మరో పగులు వస్తుంది.

కుట్లూ అతుకులూ ఎక్కువైపోయి చూడ్డానికి బాగోకపోతే మొత్తాన్ని నలుపు చేయొచ్చు. ఇనుప రజను వెనిగర్‌లో వారం నానబెట్టి గుడ్డతో వడకట్టి ఉంచుకోండి. గిన్నెకి చిక్కటి కరక్కాయ కషాయం రెండు పూతలు వేసి, ఆరాక ఆ ఇనుప నీళ్లు పూయండి. చూస్తుండగానే బూడిదరంగు మీదుగా నల్లబడుతుంది. కలంకారీలో నలుపు గీత పుట్టేది కూడా కరక్కాయ, ఇనుము కలయికతోనే. ఇలా చేసిన గిన్నె తాళంచెవులకీ పూలకీ, తిండికి కాదు.

అడుగు చిల్లు, విరిగిన బొడిపె

అడుగు చిల్లు పడడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, కొలత మధ్యలో మరిచిపోవడం. చెక్కడం మొదలెట్టే ముందే లోతు బెజ్జం వేసుకుంటే ఈ బాధ ఉండదు. గిన్నె మొత్తం ఎత్తు బొడిపెతో కలిపి 80 మి.మీ., బొడిపె 8, అడుగు మందం 10 కావాలంటే 62 మి.మీ. లోతుకి బెజ్జం. డ్రిల్లు బిట్టుకి ఆ కొలత దగ్గర టేపు చుట్టండి. బెజ్జం గుర్తు మాయమైన చోట ఆగాలి.

ఇప్పటికే చిల్లు పడిన మీ రెండింటికీ ఇలా చేయండి. చిల్లుని లేత్ మీదే 50 మి.మీ. గుండ్రం చేసి, దానికి సరిపడా బిళ్ల కొద్దిగా ఏటవాలుగా చెక్కి లోపలి వైపు నుంచి కొట్టి బిగించి అతకండి. బిళ్ల నార గిన్నె అడుగు నార దిక్కుకే ఉండాలి. అడ్డం పెడితే మొదటి ఎండాకాలానికే బిళ్ల చుట్టూ సందు పడుతుంది, లేదా గిన్నెనే చీలుస్తుంది. వేరే రంగు కర్ర పెడితే కావాలని చేసినట్టుంటుంది. అదే పనస కావాలంటే బిళ్లని అతికే ముందు పది రోజులు ఎండలో పెట్టి రంగు తిరగనివ్వండి. బిళ్ల ఇష్టం లేకపోతే చిల్లు గిన్నెని బోర్లించి దీపం కప్పుగా వాడొచ్చు, ఎల్ఈడీ బల్బుకి మాత్రమే.

బొడిపె విరిగితే గిన్నె పోయినట్టు కాదు. పాత చెక్క బిళ్ల మీద గిన్నె అంచు సరిగ్గా కూర్చునే గాడి చెక్కి, గిన్నెని అందులో బోర్లించి, టెయిల్ స్టాక్‌తో నొక్కి, కొత్త బొడిపె గానీ 4 మి.మీ. లోతు గుంట గానీ చెక్కండి. అడుగు మందం చాలకపోతే రెండు మొహాలూ చదును చేసి వేరే చెక్క బిళ్లని ఫెవికాల్‌తో అతికి రోజంతా బిగించి ఉంచండి. మధ్యలో పేపర్ ముక్క పెట్టి అతికితే చివర్లో ఉలి ఆనించి తడితే శుభ్రంగా విడిపోతుంది. కాకపోతే ఆ అతుకు సన్నటి కోతలకే ఆగుతుంది. మళ్లీ విరగకుండా ఉండాలంటే బొడిపె 8 నుంచి 10 మి.మీ. పొడవు, దాని చుట్టూ భుజం చదునుగా చక్ దవడల మీద ఆనాలి, కొస మాత్రం చక్ లోపలి అడుగుని తాకకూడదు. పచ్చి కర్ర నొక్కుకుపోతుంది కాబట్టి పది నిమిషాలకోసారి చక్ బిగించి చూసుకోండి.

గోడ పలచబడి చిరిగిన గిన్నెలు కూడా ఉంటాయి. అంచు దగ్గర రెండు సెం.మీ. పూర్తిగా ముగించి, తర్వాత కింది రెండు సెం.మీ., అలా దిగాలి. అడుగు అయిపోయాక అంచు దగ్గర చిన్న గీత కనిపించిందని మళ్లీ ఉలి పెడితే, అప్పటికే పలచబడి కాస్త కోలగా తిరిగిన గోడ వణుకుతుంది, ఉలిని పట్టేస్తుంది. ఆ గీతని ఎమరీతోనే తీయాలి. చిరిగిన భాగాన్ని కోసేసి కింది సగాన్ని పళ్లెం చేసుకోండి.

కోళ్లు, కర్రలు

మంచం కోడుకి ఉలి పట్టేసి మెలికల గాటు పడిందన్నారు. గాటు లోతు కొలవండి. 60 మి.మీ. కోడు మీద 3, 4 మి.మీ. గాటు అయితే ఆ చోట ఉబ్బుకి బదులు నొక్కు చెక్కి, మిగతా మూడింటిలోనూ అదే నొక్కు చెక్కండి. నాలుగూ ఒకేలా ఉంటే అది తప్పని ఎవరికీ తెలియదు. ఐదో కోడు కొత్త కర్రతో చేసి కలపడం కంటే ఇదే మేలు, ఎందుకంటే కొత్త కర్ర రంగూ ఆరుదలా వేరుగా ఉంటాయి. అయితే గాటు పట్టె దూరే చదరపు భాగంలో ఉంటే ఈ ఉపాయం పనికిరాదు. అక్కడ మనిషి బరువు పడుతుంది, ఆ కోడుని పక్కన పెట్టాల్సిందే.

సన్నటి చివర విరిగితే విరిగిన చోట అతకకండి. దగ్గర్లో ఉన్న గాడి దాకా రెండు వైపులా నిటారుగా కోసి, రెండింటిలోనూ 10 మి.మీ. బెజ్జం, అందులో బాగా ఆరిన కర్ర చీల. అతుకు గాడి నీడలో కలిసిపోతుంది. ఏటవాలు నార వల్ల నడుము విరిగిన కర్రకి 1కి 8 వాలుతో పొడుగు అతుకు వేయాలి. 40 మి.మీ. కర్రకి 320 మి.మీ. పొడవు అతుకన్నమాట. మెట్ల రెయిలింగు కర్రకి ఇది చాలు, మంచానికి వద్దు.

కొబ్బరి గురించి విడిగా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో తోటలకి తోటలు పడిపోయాక చాలామంది కొబ్బరి మాను తిప్పి చూశారు, చాలామందికి ముక్కలు నారలుగా లేచిపోయాయి. కొబ్బరికి చెట్టు వలయాలు ఉండవు. బెరడు పక్కన రెండు మూడు అంగుళాలే గట్టి కర్ర, లోపల బెండు. మధ్య నుంచి తీసిన ముక్కని ఏం చేసినా నిలవదు, దాన్ని వదిలేయండి. బయటి పట్టీ అయితే చపడా పాలిష్ పలచగా పట్టించి, ఆరాక, అప్పుడే నూరిన ఉలితో సన్నటి కోతలు. ఉలి తొందరగా మొద్దుబారుతుంది, ఐదు నిమిషాలకోసారి నూరాల్సి వచ్చినా అది మీ తప్పు కాదు.

లక్క పెచ్చులు

లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక మన ఉత్తరాంధ్రలోనే ఉంది కాబట్టి మనకి లక్క పని కొత్త కాదు. అక్కడివాళ్లు అంకుడు కర్ర ఎంచుకునేది ఊరికే కాదు. అది తెల్లగా, మెత్తగా, సన్నటి నారతో ఉండి లక్కని సమానంగా పట్టుకుంటుంది. మీ బొమ్మలకి పెచ్చులూడడానికి మూడే కారణాలు ఉండొచ్చు: కర్ర తడిగా ఉండడం, చేతి జిడ్డో నూనో అంటడం, రుద్దుడు వేడి చాలకుండానే లక్క అంటించడం. లక్క దాదాపు 75, 80 డిగ్రీల దగ్గర మెత్తబడి కరుగుతుంది. తిరుగుతున్న బొమ్మకి లక్క కడ్డీని ఆనించి నొక్కితే ఆ రాపిడికే అంత వేడి పుట్టాలి. పొరలు పొరలుగా రవ్వల్లా అంటుకుంటుంటే వేగం చాలలేదు. పొగ వచ్చి రంగు నల్లబడితే ఒత్తిడి ఎక్కువైంది.

బాగుచేయాలంటే పాత లక్క మీద కొత్తది ఎక్కించొద్దు. స్క్రేపర్‌ని పడుకోబెట్టి పట్టుకుని మొత్తం గీకి, చెక్క కనిపించాక 150 నంబరు ఎమరీ వేసి, చేత్తో తాకకుండా లక్క పెట్టండి. చివర మొగలి ఆకుని మడిచి, తిరుగుతున్న బొమ్మకి ఆనించి ఒక చివర నుంచి ఇంకో చివరకి నెమ్మదిగా లాగితే, ముద్దలుగా ఉన్న రంగు కళ్లముందే పరుచుకుని అద్దంలా తేరుతుంది. ఆకు ఒకే చోట ఆగితే అక్కడ గాడి పడుతుంది. గీకిన లక్కని కాగితం మీద పట్టి రంగుల వారీగా డబ్బాల్లో పెట్టండి, సన్నటి నిప్పుల సెగ మీద కరిగించి మళ్లీ కడ్డీ చేసుకోవచ్చు. ఒకసారి ఎక్కువ కాగిపోయి రబ్బరులా సాగితే మాత్రం అది ఇక కరగదు.

ఒకదాన్ని నిలువునా కోసి చూడండి

ఇక ఎంత చూసినా పనికిరాని గిన్నెలు కొన్ని తేలతాయి. వాటిలో ఒకదాన్ని పొయ్యికి పంపే ముందు నిలువునా రెండు చెక్కలుగా కోయండి. కోసిన అంచుని పేపర్ మీద పెట్టి పెన్సిల్‌తో గీయండి. గోడ ఎక్కడ 6 మి.మీ., ఎక్కడ 11 ఉందో, లోపలి వంపు అడుగు దగ్గర ఎక్కడ చతికిలబడిందో ఆ గీతలో కనిపిస్తుంది. చాలామందికి గోడ నుంచి అడుగుకి తిరిగే మలుపు దగ్గర మందం రెట్టింపు ఉంటుంది, అక్కడ ఉలి పిడి లోపలి అంచుకి తగిలి చెయ్యి ఆగిపోతుంది కాబట్టి. చేత్తో తడిమితే అది తెలియదు. రెండో సగాన్ని లేత్ ఎదురుగా గోడకి మేకు కొట్టి తగిలించుకోండి, తర్వాతి గిన్నె చెక్కేటప్పుడు చూసుకోవడానికి.

కోసిన చెక్కల్లోంచి చిన్న వస్తువులు తీయొచ్చు. చింత, తుమ్మ, సరుగుడు ముక్కలు బొంగరాలకి. 60 మి.మీ. ఎత్తు, 45 వ్యాసం. ములుకు దిగ్గొట్టే ముందు దాని మందంలో ఐదింట నాలుగు వంతుల బెజ్జం వేయకపోతే బొంగరం నిలువునా చీలుతుంది. చేవ ముక్కలు ఉలి పిడులకి, 120 మి.మీ. పొడవు, 28 మందం, కట్టుకి రాగి పైపు ముక్క. పనస ముక్కలు కుంకుమ భరిణెలకి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేసే వీణలకి వాడేది కూడా పనసే, ఆరాక అంత నిలకడగా ఉంటుంది. చదరంగం బంట్లకి 25 మి.మీ. చదరపు కడ్డీలు చాలు. గిన్నె అంచుల్లోంచి గాజులు తీయాలనుకుంటే 2-4 సైజు లోపలి వ్యాసం 57 మి.మీ., 2-6 అయితే 60. కానీ అడ్డనార గిన్నె అంచులో రెండు చోట్ల నార పొట్టిగా తెగి ఉంటుంది, గాజు అక్కడే విరుగుతుంది. 8 మి.మీ. మందం తగ్గనివ్వకండి.

పుప్పి పట్టిన ముక్కలు, అంటే సూదిమొన బెజ్జాల్లోంచి మైదాలాంటి పొడి రాలేవి, మిగతావాటితో కలిపి పెట్టొద్దు. ఉడకబెట్టడం కుదరకపోతే లీటరు నీళ్లకి 20 గ్రాముల బోరిక్ యాసిడ్, 30 గ్రాముల బోరాక్స్ వేడిగా కలిపి ముంచండి. ఆ ముక్కతో తిండి గిన్నె చేయొద్దు. బూజు గీతలు పట్టిన మామిడి చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది, వదలకండి, కానీ దాని పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్కు లేకుండా ఎమరీ పట్టొద్దు.

వానల్లో పాలిష్ కొట్టినప్పుడు పైన తెల్లటి మసక కమ్మితే గిన్నె చెడలేదు. ఆవిరవుతున్న స్పిరిట్ చల్లబరిచిన చోట గాలిలో తేమ దిగింది. ఎండ కాసిన మధ్యాహ్నం స్పిరిట్ తడిపిన గుడ్డతో ఒక్కసారి మెత్తగా లాగితే పోతుంది. అవిసె నూనె పాలిష్ వాడిన గుడ్డల్ని మాత్రం ముద్దగా చుట్టి మూల పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. దండెం మీద విడదీసి ఆరబెట్టాకే పారేయాలి.

పొయ్యికి వెళ్లాల్సింది శుభ్రమైన కర్ర ఒక్కటే. అరాల్డైట్, ఫెవిక్విక్, రంగు, వార్నిష్, బోరాక్స్ తగిలిన ముక్కలు వంటపొయ్యిలో పెట్టొద్దు. పొట్టుని మొక్కల మొదట్లో మట్టిలో కలిపితే అది కుళ్లడానికి నేలలోని నత్రజనిని లాక్కుంటుంది, ఆకులు పసుపెక్కుతాయి. పైన పరవండి, లేదా పేడతో కలిపి ఆరు నెలలు మాగనివ్వండి. చెట్టు మానుకీ ఇంటి గోడకీ మూరెడు దూరం ఉంచండి, చెద పడుతుంది.

మీ అటక మీద ఏడాదిన్నర దాటి ఉన్న ముక్కలకి ఈ ఉగాది గడువుగా పెట్టుకోండి. అప్పటికి చక్ ఎక్కనిది రంపం కిందకి వెళ్లాలి. కుట్టాల్సిన పగులు ఏదో తేల్చుకోలేకపోతే స్పిరిట్ తడి గీత కనిపిస్తుండగా ఫోటో తీసి, పక్కన స్కేలు ఉంచి, గోడ మందం రాసి పెట్టండి. అప్పుడు అది కుట్టుతో ఆగుతుందో లేదో చెప్పగలం.